మూత్రపిండంలోని మలుపును లోకానికి చూపిన యాకోబ్ హెన్లే

ఇంటర్మీడియట్‌లో జంతుశాస్త్రం చదివినవారికి హెన్లే శిక్యం అనే మాట కొత్త కాదు. మూత్రపిండంలోని సన్నని నాళాన్ని కిందికి దించి, అడుగున మలుపు తిప్పి, మళ్లీ పైకి తీసుకువెళ్లి, ఆ మలుపు పక్కన పేరు రాసి మార్కులు తెచ్చుకున్నవారు లక్షల్లో ఉంటారు. శిక్యమంటే ఉట్టి. పైనుంచి దిగి, అడుగున వంగి, తిరిగి పైకే చేరే తాడు వంటి ఆ నాళానికి ఇది తగిన పేరే. అయితే ఆ పేరులో మొదటి సగం ఎవరిదన్నది పాఠ్యపుస్తకం చెప్పదు. పరీక్షకూ అది అక్కరలేదు.

అది 19వ శతాబ్దానికి చెందిన జర్మన్ శరీరనిర్మాణ శాస్త్రవేత్త యాకోబ్ హెన్లే పేరు. 1862లో ఆయన ఆ మలుపును వర్ణించారు. అది అక్కడ ఎందుకు ఉన్నదో ఆయనకు తెలియదు. 1885లో ఆయన కన్నుమూసే నాటికి ప్రపంచంలో మరెవరికీ తెలియదు. జవాబు రూపుదిద్దుకోవడానికి మరో అర్ధశతాబ్దానికి పైగా పట్టింది. ప్రయోజనం తెలియని ఒక వస్తువును ఉన్నది ఉన్నట్టు చూసి, గీసి, తరువాతి తరాలకు అప్పగించిన మనిషి కథ ఇది.

ఫ్యూర్త్ నుంచి బెర్లిన్ వరకు

హెన్లే 1809 జూలైలో బవేరియా ప్రాంతంలోని ఫ్యూర్త్ పట్టణంలో జన్మించారు. తండ్రి వ్యాపారి. యూదు కుటుంబం. తాత యూదుల మతగురువు. హెన్లేకు పన్నెండేళ్ల వయసున్నప్పుడు, 1821లో, ఆ కుటుంబం ప్రొటెస్టెంట్ క్రైస్తవాన్ని స్వీకరించింది. యూదులకు ఉద్యోగాలలోనూ పౌరహక్కులలోనూ అనేక అడ్డంకులున్న కాలమది.

బాన్, హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయాలలో ఆయన వైద్యవిద్య అభ్యసించారు. 1832లో బాన్‌లో డాక్టరేట్ పొందారు. అక్కడ ఆయనకు గురువుగా లభించినవారు యోహానెస్ ముల్లర్. నాటి జర్మనీలో శరీరధర్మ శాస్త్రానికి దిశానిర్దేశం చేసిన మహోపాధ్యాయుడాయన. జీవులను గురించి తత్వవేత్తలు అల్లిన ఊహలను పక్కనపెట్టి, స్వయంగా కోసి చూడాలి, కొలిచి చూడాలి అన్నది ముల్లర్ బోధనా సారం. 1833లో ముల్లర్ బెర్లిన్ విశ్వవిద్యాలయానికి వెళ్లినప్పుడు శిష్యుడు కూడా ఆయన వెంట నడిచారు. శవపరిచ్ఛేదాలను సిద్ధం చేసే సహాయకుడిగా అక్కడ పనిలో కుదురుకున్నారు. జంతువుల శరీరమంతా కణాలతో నిర్మితమైనదని తరువాతి కాలంలో నిరూపించిన థియోడోర్ ష్వాన్ అదే ప్రయోగశాలలో ఆయనకు సహచరుడు.

జైలు గది, సూక్ష్మదర్శిని

ప్రయోగశాలలో జీవితం ప్రశాంతంగా సాగుతున్న వేళ 1835లో పోలీసులు హెన్లేను నిర్బంధించారు. చదువుకునే రోజుల్లో ఆయన ఒక విద్యార్థి సంఘంలో సభ్యుడు. ముక్కలు ముక్కలుగా ఉన్న జర్మన్ రాజ్యాలు ఒకే దేశం కావాలనీ, ప్రజలకు రాజ్యాంగబద్ధమైన హక్కులు ఉండాలనీ కోరిన సంఘాలవి. ప్రష్యా ప్రభుత్వం దృష్టిలో అది రాజద్రోహం. కొన్ని వారాలు ఆయన బెర్లిన్ జైలులో గడిపారు. విడుదలైన తరువాత కూడా కేసు వెంటాడింది. చివరకు ఆరేళ్ల శిక్ష పడింది. సుప్రసిద్ధ ప్రకృతి శాస్త్రవేత్త అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్ కల్పించుకుని రాజుకు నచ్చజెప్పడంతో క్షమాభిక్ష లభించింది. ఆ జోక్యమే లేకపోతే ఒక యువ పరిశోధకుడి అత్యంత ఫలవంతమైన సంవత్సరాలు కోటగోడల మధ్య కరిగిపోయేవి.

దక్కిన స్వేచ్ఛను హెన్లే వృథా చేయలేదు. సూక్ష్మదర్శినులు మెరుగుపడుతున్న రోజులవి. చర్మం, పేగు లోపలి పొర, గ్రంథుల నాళాలు, రక్తనాళాల లోపలి గోడ, ఇలా శరీరంలోని ప్రతి ఉపరితలాన్నీ ఆయన ఆ కటకాల కింద పరిశీలించారు. వాటన్నింటినీ కప్పి ఉండే ఉపకళా కణజాలాన్ని వర్గీకరించారు. ఒకచోట పెంకుల్లా పరచుకున్న కణాలు, మరొకచోట స్తంభాల్లా నిలిచిన కణాలు, ఇంకొకచోట సన్నని కేశాలతో కదలాడే కణాలు అంటూ ఆయన చూపిన తేడాలు నేటికీ మొదటి సంవత్సరం వైద్యవిద్యార్థుల పాఠంలో భాగమే. 1841లో వెలువడిన ఆయన సామాన్య శరీరనిర్మాణ గ్రంథం మానవ కణజాలాలను క్రమపద్ధతిలో వివరించిన తొలి గొప్ప రచనగా గుర్తింపు పొందింది.

బొమ్మలు గీయడంలో ఆయనకు మంచి నేర్పు ఉండేది. సంగీతమన్నా అంతే మక్కువ. తంత్రీవాద్యాలు వాయించేవారు. స్వరకర్త ఫెలిక్స్ మెండెల్సన్ స్నేహితుల బృందంలో ఆయన ఒకరు.

జ్యూరిక్‌లో రెండు సంఘటనలు

1840లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ విశ్వవిద్యాలయం హెన్లేను ఆచార్యుడిగా ఆహ్వానించింది. వయసు 31 ఏళ్లు. అదే ఏడాది అంటువ్యాధుల కారణాలపై ఆయన రాసిన వ్యాసం వెలుగుచూసింది. చెడుగాలి వల్ల, కుళ్లు వాసనల వల్ల వ్యాధులు వస్తాయని వైద్యలోకం నమ్ముతున్న కాలంలో, రోగి నుంచి రోగికి పాకేది ప్రాణమున్న సూక్ష్మజీవే అయి ఉండాలని ఆయన వాదించారు. శరీరంలో ప్రవేశించాక పెరిగేదీ సంఖ్యలో వృద్ధి చెందేదీ విషమైతే కాజాలదు, జీవమే కావాలి అన్నది ఆయన తర్కం. అయితే అది తర్కం మాత్రమేనని ఆయనకు తెలుసు. ఆ జీవిని రోగిలో ఎల్లప్పుడూ కనుగొనాలి, విడదీయాలి, విడిగా పరీక్షించాలి, అప్పుడే రుజువైనట్టు లెక్క అని కూడా ఆయన స్పష్టం చేశారు. ఆ రుజువు చూపే సాధనాలు ఆయన చేతిలో లేవు.

రెండో సంఘటన వ్యక్తిగతమైనది. జ్యూరిక్‌లో ఒక సహాచార్యుడి ఇంట పిల్లలను చూసుకునే ఎలీజ్ ఎగ్లోఫ్ అనే యువతితో ఆయన ప్రేమలో పడ్డారు. ఆ తరువాత ఆమె కుట్టుపనితో జీవించింది. ఆచార్యుడు పనిమనిషిని పెళ్లాడడమన్నది ఆనాటి సమాజానికి మింగుడుపడని విషయం. హెన్లే ఆమెను విడిచిపెట్టలేదు. అలాగని ఆమెను ఉన్నది ఉన్నట్టుగా తన వర్గం ముందు నిలబెట్టే సాహసమూ చేయలేదు. తన సోదరి, బావల పర్యవేక్షణలో ఆమెను వసతి పాఠశాలకు పంపి, చదువు, మాటతీరు, మర్యాదలు నేర్పించే ఏర్పాటు చేశారు. అది ఆమెకు పరీక్షాకాలం. నెగ్గితేనే పెళ్లి. 1846లో వివాహం జరిగింది. రెండేళ్లు గడవకముందే, 1848 ఫిబ్రవరిలో, ఇద్దరు పసిపిల్లలను విడిచి ఎలీజ్ మరణించింది. ఆమెను బలిగొన్నది క్షయ.

ఆమె కథ నాటి సాహిత్యంలోకి కూడా ప్రవేశించింది. రచయిత బెర్తోల్డ్ ఔవర్‌బాఖ్ ఆమె బతికి ఉండగానే ఆ కథను పోలిన నవలిక ప్రచురించారు. తరువాతి కాలంలో గాట్‌ఫ్రీడ్ కెల్లర్ కూడా ఆమె జీవితం నుంచి ప్రేరణ పొందారు. 1849లో హెన్లే మరల వివాహం చేసుకున్నారు. కంటికి కనిపించని జీవులే వ్యాధులకు మూలమని ప్రకటించిన శాస్త్రవేత్త, తన భార్యను తీసుకుపోయిన వ్యాధికి కారణమైన జీవిని మాత్రం చూపలేకపోయారు. ఆ పని మరొకరి కోసం 34 ఏళ్లు ఎదురుచూసింది.

గోటింగెన్‌లో మూత్రపిండం

1844లో హెన్లే హైడెల్‌బర్గ్‌కు, 1852లో గోటింగెన్‌కు మారారు. జీవితాంతం గోటింగెనే ఆయన నివాసం. మానవ శరీర నిర్మాణంపై మూడు సంపుటాల మహాగ్రంథాన్ని ఆయన అక్కడే పూర్తి చేశారు. 1855లో ప్రారంభమైన ఆ ప్రచురణ 1871 వరకు సాగింది. ఒక్కొక్క అవయవాన్నీ ఇతరులు చెప్పినదానిపై ఆధారపడక మళ్లీ తానే పరిశీలించడం ఆయన పద్ధతి. అలా మూత్రపిండం వంతు వచ్చింది.

అప్పటికే మూత్రపిండానికి రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది. 1662లో ఇటలీకి చెందిన యువకుడు లోరెంజో బెల్లిని మూత్రపిండం గట్టి మాంసపు ముద్ద కాదనీ, అది సన్నని నాళాల మోపు అనీ చూపారు. కొద్దికాలానికే 1666లో మార్సెల్లో మాల్పీఘి దాని వెలుపలి భాగంలో చెట్టుకు వేలాడే పండ్లవంటి చిన్నచిన్న రక్తనాళాల ఉండలను గుర్తించారు. ఉండలకూ నాళాలకూ సంబంధమేమిటన్నది 176 ఏళ్ల పాటు తేలలేదు. 1842లో లండన్‌లో విలియం బౌమన్ ఆ చిక్కుముడి విప్పారు. రక్తకేశనాళికల ఉండను గిన్నెవలె చుట్టుకున్న గుళికే నాళానికి ఆరంభమని ఆయన నిరూపించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లుడ్విగ్, రక్తపు ఒత్తిడి వల్ల ఆ ఉండలో ద్రవం వడపోతకు గురవుతుందనీ, నాళం పొడవునా ప్రయాణిస్తూ అది చిక్కబడుతుందనీ ప్రతిపాదించారు.

ఇంత జరిగినా నాళం నడక మాత్రం సరళరేఖగానే అందరి ఊహలోనూ ఉండిపోయింది. గుళికలో మొదలై, వెలుపలి వల్కలంలో మెలికలు తిరిగి, లోపలి దవ్వలోకి నిటారుగా దిగి, మూత్రం బయటపడే కొసకు చేరుతుందని అనుకునేవారు. హెన్లే ఆ దవ్వ భాగాన్ని పలుచని పొరలుగా కోసి చూశారు. మూత్రాన్ని చేరవేసే వెడల్పాటి నాళాల పక్కనే, వాటికంటే చాలా సన్నని నాళాలు కనిపించాయి. అవి కొస దాకా వెళ్లడం లేదు. కొంత లోతుకు దిగి, జడపిన్నులా వంగి, వచ్చిన దారికి సమాంతరంగా వెనక్కి తిరుగుతున్నాయి. కొన్ని మలుపులు పైపైనే ఉన్నాయి. కొన్ని దవ్వ అడుగు దాకా సాగి అక్కడ తిరుగుతున్నాయి. 1862లో గోటింగెన్ శాస్త్ర పరిషత్తు ప్రచురణగా ఈ పరిశీలన వెలువడింది.

తప్పిన లంకె

ఆ పరిశీలన నుంచి హెన్లే తీసిన ముగింపులో పొరపాటు దొర్లింది. మలుపు తిరిగే సన్నని నాళాలు ఒక వ్యవస్థ, మూత్రాన్ని బయటికి చేర్చే సంగ్రహణ నాళాలు వేరొక వ్యవస్థ, ఈ రెండింటికీ అనుసంధానం లేదు అని ఆయన భావించారు. అంటే గుళికలో పుట్టిన ద్రవం శిక్యం ద్వారా వెళ్లి మూత్రంగా బయటపడుతుందన్న సంగతి ఆయన చిత్రంలో లేదు.

ఇతర పరిశోధకులు వెంటనే పరీక్షకు దిగారు. కార్ల్ లుడ్విగ్ బృందం, ఆ తరువాత ఫ్రాంట్స్ ష్వైగర్-సైడల్ వంటివారు కొద్ది సంవత్సరాలలోనే లంకెను కనుగొన్నారు. గుళిక, మెలికలు తిరిగిన మొదటి భాగం, శిక్యం, మెలికలు తిరిగిన రెండో భాగం, చివరకు సంగ్రహణ నాళం. ఇదంతా ఒకే దారి అని తేలింది. నేడు నెఫ్రాన్ అని పిలిచే నిర్మాణానికి సంపూర్ణ రూపం అలా ఏర్పడింది. ఒక్కో మూత్రపిండంలో ఇటువంటి నెఫ్రాన్లు సుమారు 10 లక్షలు ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగానికి పొట్టి శిక్యాలు. దాదాపు 15 శాతం నెఫ్రాన్లకు మాత్రమే దవ్వ లోతుల్లోకి దిగే పొడవాటి శిక్యాలు ఉంటాయి.

ముగింపు వీగిపోయింది, పరిశీలన నిలిచింది. సన్నని నాళాలు ఉన్నాయి, అవి వెనక్కి తిరుగుతున్నాయి, సంగ్రహణ నాళాల పక్కపక్కనే సాగుతున్నాయి. ఈ మూడు విషయాలనూ ఎవరూ కొట్టివేయలేకపోయారు. మూడోదాని విలువ ఎంతటిదో తేలడానికి మాత్రం చాలాకాలం పట్టింది.

గురువు తర్కం, శిష్యుడి రుజువు

ఆ మలుపు ప్రకటితమైన 1862లోనే గోటింగెన్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ కాఖ్ అనే యువకుడు చేరాడు. హెన్లే వద్ద శరీరనిర్మాణ శాస్త్రం నేర్చుకున్నాడు. 1866లో వైద్యుడై వెళ్లిపోయాడు. పదేళ్ల తరువాత, ఒక చిన్న పట్టణంలో వైద్యాధికారిగా ఉంటూ, పశువులను చంపే ఆంత్రాక్స్ వ్యాధికి కారణం ఒక సూక్ష్మజీవి అని కాఖ్ నిరూపించారు. 1882 మార్చి 24న బెర్లిన్‌లో క్షయకారక బ్యాక్టీరియాను శాస్త్రలోకం ముందు పెట్టారు. 1883 చివర్లో భారతదేశానికి వచ్చి, కలకత్తాలో కలరా రోగుల పేగులలోనూ చెరువు నీటిలోనూ వంపు తిరిగిన కలరా సూక్ష్మజీవిని గుర్తించి, మరుసటి ఏడాది ఆ ఫలితాలను ప్రకటించారు.

1840లో హెన్లే కోరిన రుజువు ఈ విధంగా శిష్యుడి చేతుల మీదుగా లభించింది. ఒక సూక్ష్మజీవిని ఒక వ్యాధికి కారణమని చెప్పడానికి నెరవేరవలసిన నియమాలను వైద్యశాస్త్రం నేటికీ హెన్లే, కాఖ్ ఇద్దరి పేర్లతో కలిపి ప్రస్తావిస్తుంది. ఎలీజ్‌ను బలిగొన్న క్షయ కారకం బయటపడినప్పుడు హెన్లే వయసు 72 ఏళ్లు. ఆ వార్త విన్న మూడేళ్లకు, 1885 మే 13న, గోటింగెన్‌లో ఆయన మరణించారు.

ఒక ప్రశ్నకు జవాబు ఆయన జీవితకాలంలోనే వచ్చింది. మూత్రపిండంలోని ప్రశ్న మాత్రం అలాగే మిగిలింది.

మలుపు ఎందుకు?

ఆరోగ్యవంతుడైన పెద్దమనిషి మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుంచి వడపోస్తాయి. మూత్రంగా బయటికి వెళ్లేది లీటరు లేదా లీటరున్నర మాత్రమే. మిగిలినదంతా నాళాల గోడల గుండా రక్తంలోకి తిరిగి చేరుతుంది. అందులో మూడింట రెండు వంతులు మొదటి మెలికలలోనే వెనక్కి వెళుతుంది. అసలు చిక్కు ఆ తరువాతిదే. ఎండలో పనిచేసి దాహంతో ఉన్న మనిషి మూత్రం రక్తం కంటే నాలుగు రెట్లు చిక్కగా ఉండగలదు. నీటిని చిక్కని ద్రవం నుంచి పలుచని ద్రవంవైపు తోసే పంపు శరీరంలో ఎక్కడా లేదు. నీరు ఎప్పుడూ ఉప్పు ఎక్కువ ఉన్నవైపే పోతుంది. మరి మూత్రం అంతగా ఎలా చిక్కబడుతుంది?

మొదటి ఆధారం జంతువుల పోలికలో దొరికింది. కప్పకు, చేపకు, బల్లికి శిక్యం లేదు. వాటి మూత్రం రక్తం కంటే చిక్కబడదు. శిక్యాలున్నవి క్షీరదాలకు, పక్షులకు మాత్రమే. రక్తం కంటే చిక్కని మూత్రం విసర్జించగల మూత్రపిండాలు కూడా వాటికే ఉన్నాయి. 1909లో కార్ల్ పీటర్ అనే జర్మన్ శాస్త్రవేత్త, శిక్యం ఎంత పొడవైతే మూత్రం అంత చిక్కనవుతుందని గమనించారు. అమెరికా ఎడారిలో బతికే కంగారూ ఎలుక నీరు దాదాపుగా తాగదు. గింజలు తిని, వాటి నుంచి శరీరంలో పుట్టే నీటితోనే గడుపుతుంది. దాని మూత్రపిండంలో శిక్యాలు చాలా పొడవైనవి.

1942లో స్విట్జర్లాండ్‌కు చెందిన భౌతిక రసాయన శాస్త్రవేత్త వెర్నర్ కూన్ తన సహచరుడు రిఫెల్‌తో కలిసి జవాబు ప్రతిపాదించారు. ఆయన వైద్యుడు కాదు. పక్కపక్కన ఎదురెదురు దిశలలో ప్రవహించే రెండు ద్రవాలు ఒకదాని ప్రభావాన్ని మరొకటి ఎలా పెంచుతాయన్నది ఆయన ఆలోచించిన విషయం. కర్మాగారాలలో ఒక గొట్టంలోని వేడిని పక్క గొట్టానికి అందించేందుకు ఇంజినీర్లు వాడే సూత్రం అటువంటిదే. మూత్రపిండంలోని జడపిన్ను ఆకారంలో కూన్‌కు అదే సూత్రం కనిపించింది.

దాని పనితీరు ఇలా ఉంటుంది. శిక్యంలో పైకి వెళ్లే శాఖ మందపాటి గోడ ద్రవంలోని ఉప్పును బయటికి పంపుతుంది. నీటిని మాత్రం కదలనివ్వదు. దాంతో చుట్టూ ఉన్న కణజాలం ఉప్పెక్కుతుంది. కిందికి దిగే శాఖ గోడ దీనికి విరుద్ధం. అది నీటిని బయటికి వదులుతుంది. చుట్టూ ఉప్పు ఉన్నందువల్ల దిగుతున్న ద్రవంలోని నీరు బయటికి పోయి, ద్రవం అడుగుకు చేరేసరికి చిక్కబడుతుంది. ఆ చిక్కని ద్రవమే మలుపు తిరిగి పైకి వెళ్లే శాఖలోకి ప్రవేశిస్తుంది. ఇప్పుడు పంపుకు మరింత ఉప్పు అందుతుంది. మరింత ఉప్పు బయటికి వస్తుంది. ఒక్కో మెట్టు వద్ద తేడా స్వల్పమే. ఎదురెదురు ప్రవాహం వల్ల ఆ స్వల్పమైన తేడాలు మెట్టుమెట్టుకూ పేరుకుంటాయి. ద్రవంలో కరిగిన కణాల సాంద్రతను కొలిచే మిల్లీ ఆస్మోల్ కొలతలో చెబితే, దవ్వ పైభాగంలో లీటరుకు 300 దగ్గర ఉండేది, కొస వద్ద 1200 దాకా పెరుగుతుంది. ఈ పెరుగుదలలో యూరియాకు కూడా భాగముంది. దవ్వకు రక్తం తెచ్చే సన్నని నాళాలు సైతం జడపిన్ను ఆకారంలోనే ఉండడం వల్ల, పేరుకున్న ఉప్పు రక్తంతో కొట్టుకుపోదు.

విచిత్రమేమంటే, శిక్యం దాటి పైకి వచ్చిన ద్రవం చిక్కగా ఉండదు. ఉప్పు పోగొట్టుకుని రక్తం కంటే పలుచబడి ఉంటుంది. చిక్కబడేది ఆ తరువాత. ఆ ద్రవం సంగ్రహణ నాళంలో చేరి, అదే ఉప్పుగల దవ్వ గుండా మళ్లీ కిందికి దిగుతుంది. శరీరానికి నీరు అవసరమైతే మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి వాసోప్రెస్సిన్ అనే హార్మోన్‌ను విడుదల చేస్తుంది. అది సంగ్రహణ నాళం గోడలో నీటి తూములు తెరిపిస్తుంది. నీరు ఉప్పువైపు పోయి రక్తంలో కలుస్తుంది. మిగిలేది చిక్కని మూత్రం. నీరు పుష్కలంగా తాగితే హార్మోన్ తగ్గుతుంది. తూములు మూసుకుంటాయి. పలుచని మూత్రం ఎక్కువగా వెళ్లిపోతుంది.

శిక్యం ఉప్పును పేర్చిపెట్టాలి, సంగ్రహణ నాళం దానిని ఆనుకుని సాగాలి, ఒకే ద్రవం రెండింటిలోనూ ప్రవహించాలి. ఈ మూడూ కుదిరితేనే మూత్రం చిక్కబడుతుంది. మొదటి రెండింటికి కావలసిన నిర్మాణాన్ని 1862లో హెన్లే చూశారు. మూడోదే ఆయనకు తప్పిన లంకె.

మంచుగడ్డలో సాక్ష్యం

కూన్ సిద్ధాంతాన్ని వైద్యలోకం తొందరగా నమ్మలేదు. 1951లో బాసెల్ నగరంలో హైన్‌రిఖ్ విర్ట్స్, హార్గితాయ్, కూన్ కలిసి ఒక సులువైన, అందమైన ప్రయోగం చేశారు. ఎలుక మూత్రపిండాన్ని గడ్డకట్టించి, పలుచని పొరలుగా కోసి, నెమ్మదిగా వేడి చేస్తూ సూక్ష్మదర్శిని కింద చూశారు. ఉప్పు ఎక్కువ ఉన్నచోట మంచు తక్కువ ఉష్ణోగ్రత వద్దే కరుగుతుంది. దవ్వ లోతుకు వెళ్లేకొద్దీ మంచు ముందుగా కరగడం వారు గమనించారు. ఒకే లోతులో ఉన్న నాళాలన్నింటిలోనూ ద్రవం ఇంచుమించు ఒకే చిక్కదనంతో ఉంది.

1959లో అమెరికాలోని నార్త్ కరోలినాలో కార్ల్ గాట్‌షాక్, మార్గరెట్ మిల్లే అతిసన్నని గాజు సూదులతో సజీవ జంతువుల నాళాల నుంచి ద్రవపు బొట్లు తీసి కొలిచారు. శిక్యం మలుపు వద్ద ద్రవం రక్తం కంటే చిక్కగా, శిక్యం దాటాక పలుచగా ఉన్నట్టు తేలింది. దాంతో సందేహాలు చాలావరకు తొలగిపోయాయి. నీటి తూములు నిజంగా ఉన్నాయని అమెరికా శాస్త్రవేత్త పీటర్ ఆగ్రే బృందం 1992లో నిరూపించింది. ఆక్వాపోరిన్లు అని పేరున్న ఆ ప్రోటీన్లను కనుగొన్నందుకు 2003లో ఆయనకు రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి దక్కింది. శిక్యంలో దిగే శాఖ గోడ నిండా ఆ తూములే ఉంటాయి. పైకి వెళ్లే శాఖలో అవి లేవు.

మందుచీటీలో హెన్లే

ఈ జ్ఞానం పుస్తకాలకే పరిమితం కాలేదు. గుండె బలహీనపడి కాళ్లు వాచి, ఊపిరితిత్తులలో నీరు చేరి, పడుకుంటే ఊపిరాడని స్థితిలో ఆసుపత్రికి వచ్చే రోగికి వైద్యులు సాధారణంగా ఇచ్చే మందులలో ఫ్యూరోసమైడ్ ఒకటి. అది పనిచేసే చోటు హెన్లే శిక్యంలో పైకి వెళ్లే మందపాటి శాఖ. అక్కడి ఉప్పు పంపును అది ఆపుతుంది. దవ్వలో ఉప్పు పేరుకోవడం తగ్గుతుంది. నీటిని వెనక్కి లాగే శక్తి సడలుతుంది. ఉప్పుతోపాటు నీరు పెద్దమొత్తంలో మూత్రంగా వెళ్లిపోతుంది. కొద్ది గంటల్లో రోగికి ఊపిరి తేలికపడుతుంది. ఆ కోవకు చెందిన మందులన్నింటినీ వైద్యులు నేటికీ శిక్యం పేరుతోనే పిలుస్తారు. ఉప్పుతోపాటు పొటాషియం కూడా పోతుంది కనుక, ఈ మందును వైద్యుల పర్యవేక్షణలోనే వాడాలి.

ఉదయాన్నే లేచిన మనిషి మూత్రం రాత్రంతా నీరు తాగనందున చిక్కగా, పసుపుపచ్చగా ఉండడం అందరికీ తెలిసిన విషయమే. ఆ రాత్రంతా శరీరంలోని నీటిని కాపాడిన పనిలో లక్షల శిక్యాల పాత్ర ఉంది. శిక్యాలు దెబ్బతింటే మూత్రాన్ని చిక్కబరిచే శక్తి తగ్గుతుంది. రాత్రిళ్లు పలుమార్లు మూత్రవిసర్జనకు లేవవలసి రావడం దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి తొలి సూచనలలో ఒకటి కావడానికి కారణమదే. అటువంటి మార్పు కనిపించినవారు వయసు మీద పడిందని సరిపెట్టుకోకుండా వైద్యుని సంప్రదించడం మేలు.

హెన్లే పేరు మిగిలినది ఒక మలుపుకు. తనకు అర్థం కాని మలుపుకు. అర్థమైనవే చూసి, అర్థం కానివాటిని వదిలేసే పరిశీలకుడు 1862లో ఆ సన్నని నాళాలను పట్టించుకునేవాడు కాదు. హెన్లే వాటిని గీశారు. వాటి గురించి చెప్పిన మాటలలో కొన్ని తప్పాయి, గీసిన గీత తప్పలేదు. ఎనభై ఏళ్ల తరువాత ఒక రసాయన శాస్త్రవేత్తకు ఆ గీతలోనే జవాబు కనిపించింది.